కొత్త తరం ప్రాసెసర్‌తో మీ పని ఎంత వేగం పుంజుకుంటుంది? కొనకముందే లెక్క కట్టే పద్ధతి

విజయనగరంలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోల వాళ్లు, బొబ్బిలి, రాజాం వైపు మిల్లుల లెక్కలు చూసే అకౌంటెంట్లు, టెక్కలి, చీపురుపల్లి ఊళ్ల నుంచి వచ్చే ఇంజినీరింగ్ విద్యార్థులు అడిగే ప్రశ్న ఒక్కటే. “కొత్త జనరేషన్ వచ్చిందట కదండీ, తీసుకుంటే స్పీడ్ ఎంత పెరుగుతాది?”

దీనికి కంపెనీ చెప్పే శాతం జవాబు కాదు. ఆ శాతం కంపెనీ ఎంచుకున్న పరీక్షల మీద, కంపెనీ ఎంచుకున్న సెట్టింగుల్లో వచ్చింది. మీ పనికి ఎంత పెరుగుతుందో మీ సిస్టమ్ దగ్గరే కూర్చుని, ఒక సాయంత్రంలో, దాదాపు సరిగ్గా అంచనా వేయొచ్చు. గణితం ఎనిమిదో తరగతి స్థాయి దాటదు. వరుస మాత్రం తప్పకూడదు: ముందు కొలత, తర్వాత కారణం, ఆ తర్వాతే కొత్త చిప్ అంకెలు.

మొదలుపెట్టే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీరు నిజంగా చేసే పని ఫైలు ఒకటి: పోయిన నెల పెళ్లి ప్రాజెక్టు, మీ అసలు టాలీ డేటా కాపీ, మీ అసలు డ్రాయింగ్
- ఫోన్‌లో స్టాప్‌వాచ్, నోట్ పుస్తకం లేదా ఎక్సెల్ షీట్
- ప్రాసెసర్ వివరాలు చూపే సీపీయూ-జెడ్, వేడి, వేగం చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో (సొంత వాడకానికి రెండూ ఉచితం)
- విండోస్ టాస్క్ మేనేజర్
- కొనాలనుకుంటున్న ప్రాసెసర్ పూర్తి పేరు, చివరి అక్షరంతో సహా. “ఐ5 కొత్తది” అని కొటేషన్‌లో రాస్తే సరిపోదు, పూర్తి పేరు రాయించుకోండి

## 1. పనిని ముక్కలు చేసి టైం కొలవండి

అంచనా మొత్తం నిలబడేది దీని మీదే. చాలామంది దాటేసేది కూడా దీన్నే.

“ఎడిటింగ్ స్లోగా ఉంది” అన్నది కొలత కాదు. ఎడిటింగ్‌లో కార్డు నుంచి ఫైళ్లు కాపీ కావడం ఒక ముక్క. ప్రాక్సీలు (ఎడిటింగ్ తేలిగ్గా సాగడానికి చేసుకునే చిన్న సైజు కాపీలు) తయారవడం ఒక ముక్క. టైమ్‌లైన్ మీద ఆగి ఆగి ఆడే ప్రివ్యూ ఇంకొకటి. స్టెబిలైజేషన్ (వీడియోలో వణుకు సరిచేయడం), చివరి ఎక్స్‌పోర్ట్ వేరు. ఒక్కోదానికి మీరు ఊరికే ఎదురుచూస్తున్న నిమిషాలు విడివిడిగా రాయండి. మీరు ఆలోచిస్తున్న టైం, టైప్ చేస్తున్న టైం ఇందులోకి రాదు. అది ఏ ప్రాసెసర్‌తోనూ తగ్గదు.

కొలిచేటప్పుడు పాటించాల్సినవి:

- సిస్టమ్ ఆన్ చేశాక పది నిమిషాలు ఆగండి. అప్‌డేట్లు, యాంటీవైరస్ స్కాన్ ఆ వేళలోనే నడుస్తుంటాయి
- ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టే ఉంచండి. మధ్యలో కరెంటు పోయి బ్యాటరీ మీదికి వస్తే చిప్ వేగం తగ్గిపోతుంది, ఆ కొలత కొట్టేయండి
- ఒక్కో ముక్కను మూడుసార్లు కొలిచి, పెద్దదీ చిన్నదీ వదిలేసి మధ్య అంకె తీసుకోండి. మొదటిసారి డిస్క్ నుంచి చదివిన ఫైలు రెండోసారి ర్యామ్ నుంచే రావచ్చు, అందుకే మొదటి అంకె ఒక్కోసారి ఎక్కువ చూపిస్తుంది
- పవర్ ప్లాన్ మూడుసార్లూ ఒకటే ఉండాలి

ఉదాహరణకు ఒక పెళ్లి ప్రాజెక్టుకు ఇలా వచ్చిందనుకుందాం:

- కార్డుల నుంచి కాపీ: 50 నిమిషాలు
- ప్రాక్సీలు: 60
- ప్రివ్యూ కోసం ఆగడం: 40
- స్టెబిలైజేషన్: 30
- ఎక్స్‌పోర్ట్: 60

మొత్తం 240 నిమిషాలు. ఈ అంకెలు లెక్క చూపించడానికి పెట్టినవి. మీవి మీరు కొలవాలి. చివరి వరకూ ఈ పట్టికతోనే నడుద్దాం.

## 2. ఒక్కో ముక్కకు అడ్డం ఏదో కనిపెట్టండి

రైస్‌మిల్లులో మిషన్ ఎంత పెద్దది పెట్టినా, ధాన్యం ఎత్తి పోసే ఎలివేటర్ పాతదే అయితే గంటకు దిగే బియ్యం పెరగవు. ప్రాసెసర్ కూడా అంతే. ఆ ముక్కలో అసలు ప్రాసెసరే ఆలస్యం చేస్తోందా అన్నది ముందు తేలాలి.

టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లోకి వెళ్లండి. సీపీయూ గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి లాజికల్ ప్రాసెసర్లు (థ్రెడ్లు, అంటే ప్రాసెసర్ ఒకేసారి నడపగల పనుల వరుసలు) విడివిడిగా కనిపించేలా మార్చండి. పని నడుస్తుండగా ఏం కనిపిస్తే ఏమనుకోవాలో చూడండి.

అన్ని గ్రాఫులూ నిండుగా ఉంటే: పని అన్ని కోర్లనూ (ప్రాసెసర్ లోపల విడివిడిగా లెక్క చేసే భాగాలు) వాడుతోంది. ప్రాసెసర్ మారిస్తే ఎక్కువ లాభం ఇక్కడే.

మొత్తం వాడకం తక్కువగా, ఒకే అంకె దగ్గర నిలిచిపోతే: ఎనిమిది థ్రెడ్ల సిస్టమ్‌లో 12, 13 శాతం దగ్గర, పన్నెండు థ్రెడ్ల సిస్టమ్‌లో 8 శాతం దగ్గర ఆగిందంటే ఒక్క థ్రెడ్డే కష్టపడుతోంది. ఆ థ్రెడ్డు ఒక కోర్ నుంచి ఇంకో కోర్‌కు మారుతూ ఉంటుంది కాబట్టి ఒకే గ్రాఫ్ నిండుగా కనిపించకపోవచ్చు. మొత్తం శాతం చూడండి. ఆటోక్యాడ్‌లో చాలా పనులు ఇలాగే నడుస్తాయి. అక్కడ ఒక కోర్ వేగమే లెక్క, కోర్ల సంఖ్య కాదు.

సీపీయూ ఖాళీగా ఉండి డిస్క్ 100 శాతం ఉంటే: హార్డ్ డిస్క్ సెకనుకు వంద నుంచి రెండు వందల మెగాబైట్ల దగ్గర ఆగిపోతుంది. సాటా ఎస్‌ఎస్‌డీ 550 దగ్గర ఆగుతుంది. కొత్త ప్రాసెసర్ ఈ ముక్కకు చేసేది దాదాపు సున్నా.

జీపీయూ నిండుగా ఉంటే: ఎక్స్‌పోర్ట్ గ్రాఫిక్స్ కార్డు ఎన్‌కోడర్ మీద నడుస్తోంది. సీపీయూ మార్చినా స్వల్పమే.

ర్యామ్ 90 శాతం దాటి, డిస్క్ కూడా కొట్టుకుంటుంటే: కావాల్సింది ర్యామ్.

ఏదీ నిండుగా లేకపోతే: నెట్‌వర్క్ చూడండి. మిల్లు ఆఫీసుల్లో ఒక సిస్టమ్‌లో టాలీ డేటా పెట్టి, మూడు నాలుగు సిస్టమ్‌ల నుంచి తెరుస్తుంటారు. మధ్యలో పాత 100 ఎంబీపీఎస్ స్విచ్ ఉంటే సెకనుకు 12.5 మెగాబైట్లకు మించి ఏదీ దాటదు. గిగాబిట్ స్విచ్ పెడితే ఆ పరిమితి పది రెట్లు పెరుగుతుంది, ఖర్చు ప్రాసెసర్‌తో పోలిస్తే చాలా తక్కువ. మీసేవ లాంటి ఆన్‌లైన్ పనుల్లో ఎదురుచూపు ఎక్కువగా సర్వర్ దగ్గర, ఇంటర్నెట్ దగ్గర ఉంటుంది. వాటికోసం ప్రాసెసర్ మార్చమని నేనెవరికీ చెప్పను.

పట్టికలో ప్రతి ముక్క పక్కన ఒక మాట రాయండి: “ఒక కోర్”, “అన్ని కోర్లు”, “డిస్క్”, “జీపీయూ”, “నెట్”. మన ఉదాహరణలో కాపీ డిస్క్, ప్రాక్సీలు అన్ని కోర్లు, ప్రివ్యూ, స్టెబిలైజేషన్ ఒక కోర్, ఎక్స్‌పోర్ట్ జీపీయూ అనుకుందాం.

## 3. పేరులో అంకె కాదు, లోపల కోర్ ఏదో చూడండి

జనరేషన్ అంకె పెరిగినంత మాత్రాన లోపలి కోర్ మారినట్టు కాదు. కొనేవాళ్లు ఎక్కువగా నష్టపోతున్నది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఇంటెల్ ఐ5-13400, ఐ5-14400 తీసుకోండి. రెండింట్లోనూ ఆరు పీ-కోర్లు (వేగం గలవి), నాలుగు ఈ-కోర్లు (తక్కువ కరెంటుతో నడిచే చిన్నవి), పదహారు థ్రెడ్లు. గరిష్ఠ వేగం 4.6 నుంచి 4.7 గిగాహెర్ట్జ్‌కు పెరిగింది. 4.7 ÷ 4.6 = 1.02. అంటే ఒక తరం మారితే వచ్చేది 2 శాతం. పాతది తక్కువ ధరకు దొరికితే పాతదే తీసుకోండి.

ఏఎమ్‌డీ ల్యాప్‌టాప్ చిప్‌లలో 7000 సిరీస్ ఇంకా జాగ్రత్తగా చూడాలి. అక్కడ మొదటి అంకె ఏడాదిని చెబుతుంది, మూడో అంకె అసలు కోర్‌ను చెబుతుంది. రైజెన్ 5 7520యూలో మూడో అంకె 2, అంటే 2019లో వచ్చిన జెన్ 2 కోర్. 7530యూలో 3, అంటే జెన్ 3. 7640యూలో 4, అంటే జెన్ 4. షాపులో మూడూ “రైజెన్ 5, సెవెన్ థౌజండ్ సిరీస్” అనే బోర్డు కిందే ఉంటాయి. 5625యూ వాడుతున్నవారు 7520యూకు మారితే ఆరు కోర్ల జెన్ 3 నుంచి నాలుగు కోర్ల జెన్ 2కు దిగినట్టు.

రాసుకోవాల్సినవి, పాతదానికీ కొత్తదానికీ:

- కోర్ పేరు (జెన్ 3, జెన్ 4, గోల్డెన్ కోవ్ లాంటివి). సీపీయూ-జెడ్ పాతదాని కోడ్‌నేమ్ చూపిస్తుంది
- పీ-కోర్లు, ఈ-కోర్లు, థ్రెడ్లు
- గరిష్ఠ బూస్ట్ వేగం
- ఎల్3 క్యాష్ (చిప్ లోపలే ఉండే వేగమైన మెమరీ)
- బేస్ పవర్, గరిష్ఠ టర్బో పవర్, వాట్లలో
- ఏ ర్యామ్: డీడీఆర్4, డీడీఆర్5

కోర్ పేరు రెండింట్లోనూ ఒకటే అయితే క్లాక్ (గిగాహెర్ట్జ్ వేగం) నిష్పత్తి, కోర్ల సంఖ్య చూసుకుని నేరుగా 5వ అంచెకు వెళ్లిపోవచ్చు.

## 4. ఒక కోర్ లెక్క: ఐపీసీ × క్లాక్

ఐపీసీ అంటే ఒక క్లాక్ టిక్కులో ప్రాసెసర్ సగటున పూర్తిచేసే ఇన్‌స్ట్రక్షన్ల సంఖ్య. ఒక కోర్ వేగం దీన్ని క్లాక్‌తో గుణిస్తే వస్తుంది. కలిపితే రాదు, గుణించాలి.

జెన్ 3 నుంచి జెన్ 4కు ఐపీసీ సగటున 13 శాతం పెరిగిందని ఏఎమ్‌డీ 2022లో చెప్పింది. రైజెన్ 9 5950ఎక్స్ గరిష్ఠ వేగం 4.9, 7950ఎక్స్‌ది 5.7 గిగాహెర్ట్జ్. 5.7 ÷ 4.9 = 1.163. దాన్ని 1.13తో గుణిస్తే 1.31. ఒక కోర్ పనుల్లో 29 శాతం వరకు లాభం అని కంపెనీ ప్రకటించింది. చేతి లెక్క ఎంత దగ్గరగా వచ్చిందో చూడండి.

క్లాక్ తగ్గే సందర్భాలూ ఉంటాయి. 2024లో వచ్చిన ఇంటెల్ కోర్ అల్ట్రా 9 285కెలో పీ-కోర్ ఐపీసీ 9 శాతం పెరిగిందని కంపెనీ చెప్పింది. కానీ గరిష్ఠ వేగం 14900కెలో 6.0 ఉంటే ఇందులో 5.7. 1.09 × 0.95 చేస్తే 1.035 వస్తుంది. 9 చూసి కొన్నవారికి దక్కేది 3 లేదా 4.

ఇంకా లోతైన విషయం: ఐపీసీ ఒక స్థిరమైన అంకె కాదు, ఎన్నో పనుల సగటు. మెమరీ కోసం ఎదురుచూసే పనిలో కోర్ ఎంత తెలివైనదైనా కూర్చుని ఉండాల్సిందే. 285కెలో మెమరీ కంట్రోలర్ వేరే టైల్ (చిప్‌లోని వేరే ముక్క) మీదికి వెళ్లడంతో మెమరీ నుంచి డేటా వచ్చే ఆలస్యం పెరిగింది. అందుకే చాలా ఆటల్లో అది 14900కెను దాటలేదు, కొన్నిట్లో వెనకబడింది. దీనికి సరిగ్గా ఎదురుగా ఉన్నది 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీ. కోర్ మారలేదు, క్లాక్ 4.7 నుంచి 4.5కు తగ్గింది కూడా. ఎల్3 క్యాష్ మాత్రం 32 నుంచి 96 మెగాబైట్లకు పెరిగింది. ఆటల్లో గట్టిగా ముందుకు పోయింది, సినీబెంచ్ లాంటి రెండరింగ్ పరీక్షల్లో 5800ఎక్స్ కంటే కాస్త వెనకబడింది.

కాబట్టి కంపెనీ చెప్పిన ఐపీసీ శాతాన్ని మధ్య అంకెగా తీసుకుని, కిందికీ పైకీ హద్దులు పెట్టుకోండి. నేను సాధారణంగా కింది హద్దుకు ఆ శాతంలో సగం, పై హద్దుకు ఒకటిన్నర రెట్లు వేస్తాను. 13 శాతం అన్నారంటే 6 నుంచి 20 మధ్య. ఈ పద్ధతి నా అనుభవం కొద్దీ పెట్టుకున్నది, మీ పని కొలతలు మీకు మెరుగైన హద్దులు చూపిస్తే వాటినే వాడండి.

## 5. అన్ని కోర్ల లెక్క

ఆరు కోర్లు పది అయ్యాయంటే 67 శాతం లాభమని అనిపిస్తుంది. అసలు లాభం ఎంతో తేల్చేది పనిలో కోర్ల మధ్య పంచలేని భాగం ఎంత ఉందన్నదే. దీన్నే ఆమ్‌డాల్ సూత్రం అంటారు.

ఒక కోర్ మీద 100 నిమిషాలు పట్టే పనిలో 70 పంచుకోగలిగినవి, 30 పంచలేనివి అనుకోండి.

- ఆరు కోర్లు: 30 + 70 ÷ 6 = 41.7
- పది కోర్లు: 30 + 70 ÷ 10 = 37

లాభం 13 శాతమే. అదే పనిలో 95 శాతం పంచుకోగలిగితే ఆరు కోర్ల మీద 20.8, పది కోర్ల మీద 14.5 నిమిషాలు, లాభం 44 శాతం. సీ++ ప్రాజెక్టు కంపైల్ చేసే విద్యార్థులకు ఇది బాగా తెలుస్తుంది. ఫైళ్లు కంపైల్ కావడం కోర్ల మధ్య చక్కగా పంచుకుంటుంది, చివర్లో లింక్ చేసే దశలో ఎక్కువ కోర్లు ఖాళీగా ఉండిపోతాయి.

మీ పనిలో ఎంత పంచుకోగలదో తెలుసుకోవడానికి ఒక చిన్న ప్రయోగం ఉంది. టాస్క్ మేనేజర్ డీటెయిల్స్ ట్యాబ్‌లో ఆ ప్రోగ్రామ్ మీద రైట్ క్లిక్ చేసి సెట్ అఫినిటీలో సగం కోర్లే టిక్ పెట్టండి. మళ్లీ టైం కొలవండి. సగం కోర్లతో టైం రెట్టింపైతే పని పూర్తిగా పంచుకుంటోంది. టైం మారకపోతే కొత్త కోర్ల వల్ల మీకు ఒరిగేదేమీ లేదు. హైపర్ థ్రెడింగ్ (ఒక్కో కోర్ రెండు థ్రెడ్లు నడపడం) ఉన్న సిస్టమ్‌లో టిక్కులు జంటలుగా తీయాలి (0-1, 2-3 ఇలా), లేకపోతే కోర్లు తగ్గవు, థ్రెడ్లే తగ్గుతాయి.

ఈ-కోర్ల సంగతి: వాటిని పీ-కోర్‌తో సమానంగా లెక్కించకండి. భారీ పనుల్లో ఒక ఈ-కోర్‌ను సగం పీ-కోర్ అనుకుంటే అంచనా నేల మీద ఉంటుంది. ఆరు పీ, నాలుగు ఈ అంటే పది కాదు, ఎనిమిది.

## 6. వేడి, కరెంటు హద్దుల వల్ల తగ్గే వేగాన్ని లెక్కలోంచి కోయండి

రివ్యూ చేసేవాళ్లు ఏసీ గదిలో, పెద్ద కూలర్‌తో పరీక్షిస్తారు. మే నెలలో మన గదుల్లో అలా ఉండదు. గది వేడి ఎన్ని డిగ్రీలు పెరిగితే చిప్ వేడి దాదాపు అన్ని డిగ్రీలూ పెరుగుతుంది. 24 డిగ్రీల గదిలో 88 దగ్గర నడిచిన చిప్, అదే కూలర్‌తో 36 డిగ్రీల గదిలో 100కు చేరుతుంది. ఇంటెల్ చిప్‌లు ఎక్కువ భాగం 100 దగ్గర, రైజెన్ 7000 డెస్క్‌టాప్ చిప్‌లు 95 దగ్గర తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి.

పవర్ హద్దు ఇంకోటి. ఐ5-12400 బేస్ పవర్ 65 వాట్లు, గరిష్ఠ టర్బో పవర్ 117. హద్దులు అమలు చేసే బోర్డులో చిప్ మొదట కాసేపు పై హద్దు వరకూ వెళ్లి, తర్వాత కింది హద్దుకు దిగుతుంది. అరనిమిషం పనికి పై హద్దు వర్తిస్తుంది. గంట ఎక్స్‌పోర్ట్‌కు కింది హద్దు. ల్యాప్‌టాప్‌లలో ఈ తేడా మరీ ఎక్కువ: ఐ5-1235యూ బేస్ పవర్ 15 వాట్లు, గరిష్ఠం 55. ఎన్ని వాట్లు ఎంతసేపు ఇవ్వాలో ల్యాప్‌టాప్ కంపెనీ నిర్ణయిస్తుంది కాబట్టి ఒకే చిప్ ఉన్న రెండు మోడళ్లు ఒకేలా నడవవు.

తరం మారినప్పుడు వచ్చిన లాభంలో కొంత అదనపు కరెంటుతో వచ్చిందా అని కూడా చూడాలి. 5950ఎక్స్ టీడీపీ (కంపెనీ చెప్పే పవర్ రేటింగ్) 105 వాట్లు, 7950ఎక్స్‌ది 170. అన్ని కోర్ల లాభంలో ఒక వాటా ఆ వాట్లదే.

చూసుకోవాల్సినవి:

- మీ పని ఒక నిమిషం లోపుదా, పది నిమిషాలు దాటేదా
- హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ఇరవయ్యో నిమిషంలో క్లాక్ ఎంత, వేడి ఎంత, థర్మల్ థ్రాట్లింగ్ (వేడికి వేగం తగ్గించుకోవడం) దగ్గర “యెస్” పడుతోందా
- యూపీఎస్ తట్టుకుంటుందా. మామూలు 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సుమారు 360 వాట్లు. మానిటర్, గ్రాఫిక్స్ కార్డు కూడా దాని మీదే ఉంటే, ఎక్కువ వాట్ల చిప్ పెట్టాక కరెంటు పోయిన క్షణంలో సిస్టమ్ ఆరిపోవచ్చు
- ఏసీ లేని గది, పెట్టెతో వచ్చిన చిన్న కూలర్, గంటల కొద్దీ పని: ఈ మూడూ కలిస్తే అన్ని కోర్ల లాభంలో అయిదో వంతు కోసేయండి

## 7. రివ్యూల నుంచి నిష్పత్తి తీయండి

ఇప్పుడే బెంచ్‌మార్క్‌ల (వేగం కొలిచే పరీక్షల) దగ్గరికి రావాలి. “ఒక కోర్” ముక్కలకు సింగిల్ కోర్ స్కోర్లు, “అన్ని కోర్లు” ముక్కలకు మల్టీ కోర్ స్కోర్లు. కొత్తదాని స్కోర్‌ను పాతదాని స్కోర్‌తో భాగించండి. 4, 5 అంచెల్లో మీరు కట్టిన లెక్కతో పోల్చండి. రెండూ దగ్గరగా ఉంటే నిశ్చింత. బాగా దూరంగా ఉంటే ఆ పరీక్షలో ఏదో ప్రత్యేకత ఉంది, అదేంటో తెలిసేదాకా తక్కువ అంకెనే వాడండి.

మీ పనికి దగ్గరి పరీక్ష ఎంచుకోండి. 3డీ రెండరింగ్‌కు సినీబెంచ్, బ్లెండర్. ఫైళ్లు కుదించి దాచేవారికి 7-జిప్‌లోనే ఉన్న బెంచ్‌మార్క్. రకరకాల పనులు కలిసినవారికి గీక్‌బెంచ్ 6. గీక్‌బెంచ్ 6 మల్టీ కోర్ స్కోరు సినీబెంచ్‌లో పెరిగినంతగా కోర్లతో పాటు పెరగదు. అది లోపం కాదు, మామూలు ప్రోగ్రామ్‌లు కోర్లను ఎలా పంచుకుంటాయో చూపించేలా దాన్ని కట్టారు.

గీక్‌బెంచ్ 5 స్కోరును 6తో, సినీబెంచ్ ఆర్23 స్కోరును 2024తో పోల్చకూడదు. వాటి కొలమానాలే వేరు.

## 8. మొత్తం లెక్క కట్టండి

సూత్రం ఇదొక్కటే: ప్రతి ముక్క పాత టైంను ఆ ముక్క నిష్పత్తితో భాగించి, అన్నీ కూడండి.

మన ఉదాహరణలో సింగిల్ కోర్ నిష్పత్తి 1.25, మల్టీ కోర్ నిష్పత్తి (వేడి కోత పోగా) 1.6, జీపీయూ ఎక్స్‌పోర్ట్‌కు 1.1 అనుకుందాం.

- కాపీ: 50 ÷ 1 = 50
- ప్రాక్సీలు: 60 ÷ 1.6 = 37.5
- ప్రివ్యూ: 40 ÷ 1.25 = 32
- స్టెబిలైజేషన్: 30 ÷ 1.25 = 24
- ఎక్స్‌పోర్ట్: 60 ÷ 1.1 = 54.5

మొత్తం 198. 240 ÷ 198 = 1.21. మల్టీ కోర్‌లో 60 శాతం పెరిగిన చిప్, ఈ స్టూడియోకు ఇచ్చేది 21 శాతం.

ఇదే లెక్క హద్దులతో రెండుసార్లు కట్టండి. తక్కువ వైపు 1.15, 1.4, ఎక్స్‌పోర్ట్‌కు 1.0 పెడితే 214 నిమిషాలు. ఎక్కువ వైపు 1.35, 1.8, 1.2 పెడితే 185. అంటే మీ అంచనా “12 నుంచి 30 శాతం, మధ్యలో 21”. ఒక్క అంకెగా చెప్పే అంచనా కంటే ఇది నిజాయతీ గలది.

ఇప్పుడు అదే పట్టికలో ప్రాసెసర్ ముట్టుకోకుండా కాపీ ముక్క ఒక్కటే మార్చి చూడండి. మంచి యూఎస్‌బీ 3 కార్డు రీడర్, కాపీ చేసుకోవడానికి ఒక ఎస్‌ఎస్‌డీ పెడితే 50 నిమిషాలు 20 అయ్యాయనుకుందాం. మొత్తం 210, లాభం 14 శాతం. ఏడాదికి 40 పెళ్లిళ్లు చేసే స్టూడియోకు ప్రాసెసర్ 28 గంటలు మిగిలిస్తే, రీడరూ ఎస్‌ఎస్‌డీ 20 గంటలు మిగులుస్తాయి. ప్రాసెసర్‌తో పాటు మదర్‌బోర్డు, చాలాసార్లు ర్యామ్ కూడా మార్చాల్సి వస్తుంది. ఏఎమ్‌డీ ఏఎమ్5 బోర్డుల్లో డీడీఆర్4 పట్టదు. ఆ ఖర్చంతా ఒక పక్క, ఇది ఒక పక్క పెట్టి చూడండి. మాఘమాసం ముహూర్తాల ముందు చేతిలో డబ్బు తక్కువ ఉన్నవారికి నేను మొదట రెండోదే చెబుతాను.

వేగం కాకుండా వేరే కారణం ఉంటే దాన్ని లెక్కలో కలపకండి. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం, రైజెన్‌లో 2000 సిరీస్ నుంచే అధికారికంగా అనుమతి. అంతకంటే పాత సిస్టమ్ మార్చాల్సిన అవసరం వేగం లెక్క తేల్చేది కాదు.

## 9. తరచూ జరిగే పొరపాట్లు

శాతాల తికమక. 100 సెకన్ల పని 80కి వస్తే టైం 20 శాతం తగ్గింది, వేగం 25 శాతం పెరిగింది. రివ్యూలో ఏది చెబుతున్నారో చూసి రాసుకోండి.

తరాల శాతాలను కూడటం. జెన్ 4లో 13, జెన్ 5లో 16 అన్నారు కదా, మొత్తం 29 అనుకోవడం తప్పు. 1.13 × 1.16 = 1.31.

నిష్పత్తుల సగటు. ఒక పరీక్షలో రెట్టింపు, ఇంకో పరీక్షలో సగం వస్తే మామూలు సగటు 1.25 చూపిస్తుంది. నిజానికి ఏ లాభమూ లేదు. నిష్పత్తులకు గుణోత్తర సగటు (రెండు అంకెలైతే గుణించి వర్గమూలం) వాడాలి, అప్పుడు 1 వస్తుంది. రివ్యూలో సగటు ఎలా కట్టారో చెప్పకపోతే విడి అంకెలు చూడండి.

ఒకే పరీక్షను నమ్మడం. ఎన్‌క్రిప్షన్ లాంటి ఒకటి రెండు పనులకు చిప్‌లో ప్రత్యేక ఏర్పాటు చేస్తే అక్కడ అంకె ఆకాశానికి అంటుతుంది. మీ పని అది కాకపోతే దాన్ని పక్కన పెట్టండి.

ఒకే ర్యామ్ స్టిక్. మన దగ్గర చాలా సిస్టమ్‌లకు ఒకటే 16 జీబీ స్టిక్ వేసి ఇస్తారు. డీడీఆర్4-3200 ఒక స్టిక్ సెకనుకు 25.6 గిగాబైట్లు ఇస్తుంది, రెండు 8 జీబీ స్టిక్‌లు సరైన స్లాట్లలో పెడితే 51.2. రివ్యూల్లో మామూలుగా రెండు స్టిక్‌లే ఉంటాయి. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ వాడేవారికి ఈ తేడా చాలా గట్టిగా తగులుతుంది.

## 10. కొన్నాక సరిచూసుకోండి

అంచనాను తేదీతో రాసి పెట్టండి. కొత్త సిస్టమ్ వచ్చాక 1వ అంచెలోని అవే ఫైళ్లతో, అదే పద్ధతిలో ముక్క ముక్కగా మళ్లీ కొలవండి. హద్దుల్లో ఉంటే సరే. తక్కువ హద్దు కంటే కిందికి వస్తే, షాపువాడితో మాట్లాడే ముందు ఈ వరుసలో చూడండి:

- సీపీయూ-జెడ్‌లో ప్రాసెసర్ పేరు కొటేషన్‌లో ఉన్నదేనా
- ర్యామ్ డ్యూయల్ ఛానల్‌లో (రెండు స్టిక్‌లూ కలిసి) నడుస్తోందా
- బయోస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో (ర్యామ్‌ను పెట్టె మీద రాసిన వేగంలో నడిపే సెట్టింగు) ఆన్‌లో ఉందా. లేకపోతే 6000 అని కొన్న డీడీఆర్5 స్టిక్ 4800 దగ్గరే నడుస్తుండొచ్చు
- హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో థ్రాట్లింగ్ ఉందా. ఉంటే కూలర్ బిగింపు, థర్మల్ పేస్ట్, కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర తీశారా లేదా చూడండి
- పాత హార్డ్ డిస్క్‌నే తెచ్చి దాని మీదే పని చేస్తున్నారా
- పవర్ ప్లాన్ “పవర్ సేవర్”లో ఉండిపోయిందా
- గ్రాఫిక్స్, చిప్‌సెట్ డ్రైవర్లు కొత్తవి వేశారా

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా ఒక ముక్క తప్పితే, పట్టికలో ఆ ముక్క పక్కన రాసిన మాట మళ్లీ పరీక్షించండి. “అన్ని కోర్లు” అని రాసింది నిజంగా మెమరీ కోసం ఆగుతుండొచ్చు. దాన్ని తేల్చడానికి ఒక దారి: బయోస్‌లో ర్యామ్ వేగాన్ని ఒక మెట్టు తగ్గించి ఆ ముక్కను మళ్లీ కొలవండి. టైం స్పష్టంగా పెరిగితే అది మెమరీ పని, దాని పక్కన “ర్యామ్” అని దిద్దండి. తర్వాతి తరం వచ్చినప్పుడు ఆ ముక్కకు స్కోర్ల నిష్పత్తి కాకుండా రెండు సిస్టమ్‌ల మెమరీ బ్యాండ్‌విడ్త్ (సెకనుకు దాటే డేటా) నిష్పత్తి వేయాలి. ప్రయోగం అయ్యాక ర్యామ్ వేగాన్ని తిరిగి పాత సెట్టింగుకు పెట్టడం మరవకండి.